ఊట మీది నాలుగు మద్దిచెట్లు

మా ముత్తాత ఏడు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన బోధన్ బజారులో నడిస్తే దుకాణదారులు గద్దెల మీది నుంచి లేచి నిలబడేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. తాత కాలానికి ఏడు ఊళ్ళూ పోయి ఒక గడి, నిజాంసాగర్ కాలువ కింద కొంత చెరుకు, ఒక గుట్ట మిగిలాయి. గుట్ట నిండా అడవి. టేకు, మద్ది, తునికి, మొర్రి, ఇప్ప. అవతలి వాలు సర్కారుది, ఇవతలి వాలు మా పట్టా. సర్కారు దఫ్తరులో మా ఇంటి ముద్ర ఎక్కి ఉండేది. ఆ ముద్ర పడ్డ దుంగను మంజీర దాకా ఏ నాకా దగ్గరా ఎవరూ ఆపేవారు కాదు.

గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ గొప్పే తర్వాత జరిగినదానికి మూలం.

పోయిన వానాకాలం ఒక టీచరమ్మ నిజామాబాద్‌లో నేనుంటున్న రెండు గదుల ఇంటికి వచ్చింది. చిన్న వయసు. గుట్ట కింది సర్కారు బడిలో పనిచేస్తుందట.

"అమ్మా, పిల్లలతోటి మొక్కలు పెట్టిస్తున్నం. అడవి గురించి రెండు ముచ్చట్లు చెప్తరా? ఆ గుట్ట ఒకప్పుడు మీదేనట గద."

"మాదే" అన్నాను.

"గుట్ట మీదికి కూడ తీస్కపోతం. ఇప్పటి ఓనరును అడిగి పర్మిషన్ తీస్కున్నం."

ఆ గుట్ట ఎక్కడానికి మా ఇంటి మనిషికి ఒకరి అనుమతి కావాలని నేను ఎన్నడూ అనుకోలేదు. అయినా వస్తానన్నాను. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని వెళ్ళాను.

గుట్ట మీద ఇప్పుడు నీలగిరి తోట ఉంది. చెట్లు వరుసగా, ఒకే ఎత్తులో, బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. పిల్లలు వాటి కింద నల్ల ప్లాస్టిక్ సంచుల్లోని మొక్కలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అడవి శాఖ నుంచి వచ్చిన అబ్బాయి గాలి గురించీ వాన గురించీ చెప్పాడు. తర్వాత నా వంతు. నేను నోరు తెరవకముందే ముందు వరుసలోని ఒక పిల్ల, రెండు జడల పిల్ల, అడిగింది.

"అవ్వా, అడవి అంటే చెట్లేనా?"

తొమ్మిదేళ్ళ వయసులో అదే గుట్ట మీద అదే మాట నేనూ అడిగాను. జవాబు చెప్పిన మనిషికి సంతకం చేయడం కూడా రాదు.

* * *

మా గుట్టను ఇరవై కూపులుగా విడదీసి, హద్దురాళ్ళకు సున్నం కొట్టించి ఉంచేవారు. ఏటా ఒక్క కూపులోనే చెట్లు కొట్టాలి. మిగతా పంతొమ్మిదీ పెరుగుతుండాలి. ఇరవయ్యొకటో ఏడు మొదటి కూపుకు తిరిగి వచ్చేసరికి అక్కడ అడవి మళ్ళీ నిలబడి ఉండాలి. దీన్ని ఏర్పాటు చేసింది మా ముత్తాత.

కాముని పున్నమ అయిన మూడోనాడు ముద్ర వేసే రోజు. పూజగదిలోంచి ముద్ర సుత్తెను తీసి, పసుపు నీళ్ళతో కడిగి, కొబ్బరికాయ కొట్టేవారు. ఆ సుత్తెకు ఒకవైపు గొడ్డలి నోరు, ఇంకోవైపు మా ఇంటి ముద్ర. ఆ రోజు ఇంట్లోని పిల్లలందరూ గుట్ట ఎక్కాలి. "అడవి ఎక్కని పిల్లకు గుట్టల వాటా లేదు" అనేవాడు తాత. ఆ ఏడు ఎక్కింది ఇద్దరమే. నేను, మా చిన్నాయన కొడుకు. వాడు నాకంటే రెండేళ్ళు పెద్ద, ఒక తలకాయ ఎత్తు ఎక్కువ. మా బాపుకు నేను ఒక్కదాన్నే.

అవ్వ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, గడ్డపెరుగు, ఒక బెల్లం ముక్క మూట కట్టి ఇచ్చింది. బండి కదిలేటప్పుడు గాలి బోధన్ వైపు నుంచి వీస్తోంది. చక్కెర ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన, సగం తీపి, సగం కుళ్ళు. గుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ వాసన పోయి ఇప్పపూల వాసన పట్టుకుంది. తెల్లవారి రాలిన పూలను గూడెం ఆడవాళ్ళు గంపల్లోకి ఏరుతున్నారు.

గుట్టకు కాపలా ఉన్న మనిషిది ఆ గూడెమే. మేం జవాను తాత అనేవాళ్ళం. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేవాడు. తల మీద ఎర్ర రుమాలు లేకుండా మా తాత ఎదుటికి ఎన్నడూ రాలేదు. ముద్ర వేసే రోజు సుత్తె అతని నడుముకు తోలుపట్టీలో వేలాడేది. పొద్దున తాత చేతుల మీదుగా తీసుకున్న సుత్తె సాయంత్రం మళ్ళీ తాత చేతికి చేరేదాకా నడుము విడవకూడదని కట్టడి.

తాత గుట్ట మొదట్లో మొదటి ముద్ర కొట్టి గడికి వెళ్ళిపోయాడు. మేం జవాను తాత వెంట నడిచాం. అప్పుడే అడిగాను, అడవి అంటే చెట్లేనా అని.

"చెట్లు కండ్లకు కనవడేటివి బిడ్డా" అన్నాడు. "కూసో. పుల్ల తీస్కో. తొవ్వు."

తవ్వాను. పైన టేకు ఆకులు అప్పడాల్లా విరిగాయి. వాటి కింద సగం మెత్తబడి ఈనెలు మాత్రమే మిగిలిన ఆకులు. ఇంకా కింద సన్నని తెల్లని దారాలు, చెదలు, పేరు తెలియని పురుగులు. ఆ కింద నల్లమట్టి. జవాను తాత ఆ మట్టిని నా అరచేతిలో పెట్టాడు.

"పిండు."

తడి తగిలింది.

"ఆఖరి వాన ఎన్నడు వడ్డది?"

"దసరకు."

"గప్పటి నీళ్ళు గివి. ఆకు ఎండ తగలనియ్యదు. చెట్టు ఏరు పట్టుకుంటది. మెల్లగ, అడిగినంత ఇడుస్తది. గుట్ట కుండ అనుకో. గీ ఆకులు, చెట్లు దాని మూత."

మా అన్న ఒక చెదపురుగును చెప్పుతో నలిపాడు. "ఇవెందుకు తాతా? కట్టె తింటయ్."

"గవి తినకుంటె రాలిన ఆకుల కింద మునిగి సస్తవ్. గవి నీ కంటె నయం. పొద్దుగాల లేస్తయ్, పని చేస్తయ్."

నేను నవ్వాను. వాడు మొహం మాడ్చుకున్నాడు.

ఆ పూట జవాను తాత చెట్టు చెట్టుకూ ఆగి చెప్పాడు. ఏది కొట్టాలి, ఏది వదలాలి. టేకును నేలకు దగ్గరగా, ఏటవాలుగా కొట్టాలి. వాన నీళ్ళు జారిపోతే మొద్దు కుళ్ళదు, పక్క నుంచి పిలక వస్తుంది. గట్టు మీద నిటారుగా ఉన్న చెట్లను వదలాలి, గాలి వాటి గింజలను వాలు మీద చల్లుతుంది. తొర్ర పడ్డ చెట్టును ముట్టుకోవద్దు. అందులో గుడ్లగూబ ఉంది.

"గుడ్లగూబ ఉంటె మాకేం?" అన్నాడు మా అన్న.

"అది పోతె ఎలుక మీ చెరుకుల పడ్తది. గప్పుడు అడుగు, మాకేమని."

కొట్టాల్సిన చెట్టుకు గొడ్డలి నోటితో రెండుచోట్ల బెరడు చెక్కి రెండు ముద్రలు వేసేవాడు. ఒకటి రొమ్మెత్తున, ఒకటి మొదట్లో. మొదట్లో ఎందుకంటే, "చెట్టు పోయినా మొద్దు సాక్ష్యం చెప్తది" అన్నాడు.

ఆ కూపు పై అంచున ఒక బండ కింది నుంచి ఊట పుట్టేది. నడి ఎండల్లోనూ ఎండేది కాదు. పైకి సన్నని ధారే, కానీ గూడెమంతా దాన్నే తాగేది. మిగిలింది కాలువ ఎక్కని మా మెట్ట చేలకు పారేది. ఊట చుట్టూ నాలుగు మద్దిచెట్లు. మొసలి వీపులాంటి బెరడు. ఇద్దరం చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు. జవాను తాత అక్కడ రుమాలు సర్దుకుని నిలబడ్డాడు.

"వీటికి ముద్ర లేదు. మీ ముత్తాత నాటికెల్లి లేదు. నేను సచ్చినంక మీరు దొరలైనా ఎయ్యొద్దు. యాది పెట్టుకోండ్రి."

పెట్టుకుంటామన్నాం. ఊట నీళ్ళు తాగాం, ఆకుల చలువ, కొంచెం వగరు. రొట్టె తింటుండగా మా అన్న లోయ పక్క బండకు వేలాడుతున్న తేనెపట్టును చూశాడు. కావాలన్నాడు. నేనూ కావాలన్నాను. జవాను తాత వద్దన్నాడు. మేం ఊరుకోలేదు. నేను అలిగి రొట్టె పక్కన పెట్టేశాను.

బండ మీది నుంచి కిందికి దిగాలంటే నడుముకు తాడు కట్టుకోవాలి. తాడు కట్టాలంటే తోలుపట్టీ విప్పాలి. ఆయన కాసేపు ఆలోచించాడు. పట్టీ విప్పి సుత్తెను నా రెండు చేతుల్లో పెట్టాడు.

"పెద్దదొర మనుమరాలివి. నేను వచ్చేదాంక కింద పెట్టకు."

ఆయన పొగ పెట్టుకుంటూ బండ దిగాడు. మా అన్న నా వైపు తిరిగాడు.

"ఇటియ్యి. ముద్ర మొగోళ్ళది."

"నా చేతికిచ్చిండు."

"ఇస్తె? రేపు లగ్గమైతె ఇంకొకరింటికి పోతవ్. గుట్ట నాది, సుత్తె నాది. నువ్వు పట్టుకోను మాత్రమే."

"మా బాపు పెద్దకొడుకు."

"అయితె కొట్టి సూపియ్యి. ఎత్తుడన్న ఎత్తుతవా?"

నేను ఊట మీది మద్దిచెట్లలో పెద్దదాని దగ్గరికి నడిచాను. గొడ్డలి నోటితో బెరడు చెక్కడానికి చాలాసేపు పట్టింది. చేతులు మండాయి. సుత్తె తిప్పి కొట్టాను. ముద్ర స్పష్టంగా పడింది. మొదట్లో కూడా చెక్కి కొట్టాను, నేర్పినట్టే. వాడి మొహంలో వెటకారం పోయింది.

"ఏయ్, గివి వద్దన్నడు గదనె."

"భయమైతుందా?"

నాలుగింటికీ కొట్టాను. కొట్టేటప్పుడు నాకు నీళ్ళు గుర్తులేవు, గూడెం గుర్తులేదు. మా ముత్తాత గుర్తు నా చేతి కింద చెక్కలో దిగుతోంది, అంతే గుర్తుంది.

జవాను తాత టేకాకు దొప్పలో తేనె తెచ్చాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఊటకు వీపు పెట్టి మాకు తేనె పంచాడు. మోదుగపూల తేనె, చివర కొంచెం చేదు. సుత్తె తీసుకుని నడుముకు కట్టుకున్నాడు. వాచిన కన్ను చెట్ల వైపు ఉంది. పొద్దు వాలుతోందని తొందరగా దించుకొచ్చాడు.

ఆ రాత్రి అవ్వ, "ఏమైందే, బువ్వ కెలుకుతున్నవ్" అంది. ఏం లేదన్నాను. రేపు చెబుదామనుకున్నాను. రేపు పోయింది, ఎల్లుండి పోయింది. మూడు రోజులు తాత నా ఎదుటే కూర్చుని తిన్నాడు.

నాలుగోనాడు గుట్ట మీద గొడ్డళ్ళ చప్పుడు మొదలైంది. మధ్యాహ్నం జవాను తాత గడిలోకి పరుగున వచ్చాడు. తల మీద రుమాలు లేదు.

"దొరా, ఊట మీది మద్దికి ముద్ర ఉన్నది. నేను ఎయ్యలే దొరా. ఒకటి పడ్డది. మూడు నిలవడున్నయ్. ఒక్క మాట చెప్పుండ్రి, ఆపుతరు."

అతని వెనకే ఆ ఏటి కూపును పాడుకున్న నిజామాబాద్ గుత్తేదారు వచ్చాడు. తెల్లబట్టలు, చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డాడు.

"మీ ముద్ర లేకుంట నా మనిషి గొడ్డలి ఎత్తడు దొరా. తప్పు పడ్డదంటె ఇప్పుడే ఆపిస్త, నాకేం నష్టం లేదు. కాకపోతె దేశ్‌ముఖ్ ముద్ర ఎనక్కి పోయిందని బజార్ల నలుగురు అంటరు. వాళ్ళ నోళ్ళు నేను ఆపలేను గద."

తాత చేతికర్ర తీసుకుని గుట్ట ఎక్కాడు. మా ఇద్దరినీ కూడా రమ్మన్నాడు.

పడిపోయిన మద్ది ఊటకు అడ్డంగా ఉంది. దాని ఆకులు ఇంకా వాడలేదు. తాత నిలబడి ఉన్న చెట్టు దగ్గరికి వెళ్ళి, చేతికర్రను నేల మీద నిలువుగా ఆనించాడు. రొమ్మెత్తున ఉండాల్సిన ముద్ర కర్ర పిడికి సమానంగా ఉంది. తాత ఆ కర్రను పట్టుకుని వెనక్కి తిరిగాడు. జవాను తాతకు ఆ పిడి తొడ దగ్గరికి వస్తుంది. మా అన్నకు పొట్ట దగ్గరికి. తాత నా ముందుకు వచ్చి ఆగాడు. కర్ర పిడి నా రొమ్ముకు తగిలింది.

అడుగుతాడనుకున్నాను. అడిగితే చెప్పేదాన్నని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు.

తాత నన్ను వదిలి గుత్తేదారు వైపు తిరిగాడు.

"ముద్ర మాదే. కొట్టుండ్రి."

"దొరా, గూడెం నీళ్ళు..." అన్నాడు జవాను తాత.

"సుత్తె నీ నడుము ఇడిసిందా?"

"ఇడిసింది దొరా."

"ఎందుకు?"

"తేనెకు."

"ఎవరి చేతిల పెట్టినవ్?"

జవాను తాత నా వైపు చూడలేదు. అతనికీ తెలుసు. ఆ గుట్ట మీద ముద్రలు కొట్టీ కొట్టీ ఎత్తు చూస్తే అది ఎవరి చెయ్యో చెప్పగల మనిషి.

"బండ మీద పెట్టిన దొరా."

"రేపటికెల్లి గుట్ట మీదికి రావద్దు."

ఆయన సరేనన్నాడు. మిగిలిన మూడు చెట్లూ పొద్దు గూకేలోపు పడ్డాయి. ఒక్కొక్కటి పడ్డప్పుడు నేల కాళ్ళ కింద కదిలింది. గూడెం ఆడవాళ్ళు దూరంగా కుండలతో నిలబడి చూశారు. మా భూమి మీద మా ముద్ర.

* * *

మరుసటి ఎండాకాలం ధార దారమంత అయింది. ఆ పై ఏడు బండ కింద గుంటలు తవ్వి చిప్పలతో తోడారు. మూడో ఏడు అదీ లేదు. వానకు ఎర్రమట్టి కిందికి కొట్టుకొచ్చి మా మెట్ట చేల మీద పరుచుకుంది. ఎండు కొమ్మలు కాల్చుకోవడానికి ఎవరో తొర్ర చెట్టు కూడా కొట్టారు, కాపలా మనిషి లేడు గనక. ఎలుకలు చెరుకులో పడ్డాయి. జవాను తాత చెప్పినవన్నీ చెప్పిన వరుసలోనే వచ్చాయి. గూడెం రెండు ముక్కలై, ఒక ముక్క కాలువ ఒడ్డుకు, ఒక ముక్క పనులు వెతుక్కుంటూ పోయింది.

తాత మళ్ళీ ఎవరినీ గుట్ట ఎక్కించలేదు. ఆ చేతికర్రను కూడా మళ్ళీ పట్టుకోలేదు. వేరే కర్ర చేయించుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పోయేదాకా ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టింది కూడా లేదు.

జవాను తాతను ఇంకొక్కసారే చూశాను. నాకు పదమూడేళ్ళు ఉంటాయి. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న రైతు ఒకాయన చెరుకు తోటలో బెల్లం వండుతున్నారు. మా బండి రోడ్డు పక్కన ఆగింది. పొయ్యిలోకి మొద్దులు తోస్తున్నది జవాను తాత. వీపంతా మసి. నన్ను గుర్తుపట్టి, పెనం నుంచి వేడివేడి పాకం ముద్దను మోదుగాకు మీద పెట్టి తెచ్చాడు.

"తిను చిన్న దొరసాని. పైలం, కాల్తది."

నేను బండిలో నిటారుగా కూర్చుని ఆకు అందుకున్నాను. పక్కన బండివాడు ఉన్నాడు, పొయ్యి దగ్గర నలుగురు కూలీలు ఉన్నారు. చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. బండి తోలమన్నాను.

* * *

రెండు జడల పిల్లకు ఇదంతా చెప్పలేదు. "కూసో. పుల్ల తీస్కో. తొవ్వు" అన్నాను.

పిల్లలందరూ తవ్వారు. పైన నీలగిరి ఆకులు, సన్నగా, నూనె వాసనతో. వాటి కింద వెంటనే ఎర్రమట్టి. వాన మొహం చాటేసి మూడు వారాలైంది. మూరెడు లోతు తవ్వినా పురుగు కనబడలేదు.

"పిండు" అన్నాను.

"దుమ్మే ఉన్నదవ్వా."

అప్పుడు చెప్పాను. ఆకు, వేరు, కుండ, మూత. ఇరవై కూపులు. గుడ్లగూబ, ఎలుక, చెరుకు. ఊట ఎక్కడ ఉండేదో బండ చూపించాను. నాలుగు చెట్లకు ముద్ర ఎవరు వేశారో కూడా చెప్పాను. టీచరమ్మ అడవి శాఖ అబ్బాయి మొహం చూసింది. పిల్లలు మాత్రం నన్నే చూశారు.

"మరి ఆ తాతను ఎల్లగొడ్తుంటె నువ్వు చెప్పలేదా?" అంది రెండు జడల పిల్ల.

"లేదు."

"తర్వాతనన్న?"

"లేదు."

"ఎందుకు చెప్పలె?"

పక్కపిల్ల దాని మోచేతిని గిల్లింది. అది చెయ్యి విదిలించుకుని జవాబు కోసం చూసింది. మా ఇంట్లో తప్పు ఒప్పుకోవడం ఎవరూ నేర్పలేదని చెప్పవచ్చు. తొమ్మిదేళ్ళకు ఆ సాకు చెల్లుతుంది. పదమూడుకు చెల్లదు, ఆ తర్వాత అసలే చెల్లదు.

ఆ పిల్ల చేతిలోది మద్దిమొక్కే. బండ పక్కన గుంత తీసి పెట్టించాను. చుట్టూ ఆకులు కప్పమన్నాను. దగ్గర్లో నీలగిరి ఆకులే ఉన్నాయి, అవే కప్పింది. నీళ్ళు ఎవరు పోస్తారని అడిగితే ట్యాంకర్ వస్తుందన్నారు.

గుట్టను అమ్మింది మా బాపు, తాత పోయిన పదేళ్ళకు. కొన్నది ఆ గుత్తేదారు కొడుకే. అమ్మకపు కాగితంలో హద్దుల తర్వాత అమ్మిన వాటి పట్టిక ఉంది. మెట్ట భూమి, ఇరవై కూపుల టేకు, హద్దురాళ్ళు, ముద్ర సుత్తె ఒకటి, నీటి ఊట ఒకటి. కాగితం రాసేనాటికి ఆ ఊటలో నీళ్ళు లేక పదేళ్ళు దాటింది. ఆ కాగితం కింద సాక్షి సంతకం నాది.